కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు

గుర్రంకొండ దుర్గము నీడలో నివసించు మనకు చరిత్ర గ్రంథములలో మాత్రమే వెదకవలసిన వస్తువు కాదు. వాకిలి తెఱచినంతనే కొండ కానవచ్చును. దిగువను రంగినీ మహలు నిలిచియున్నది. విజయనగర ప్రభువులు, కడప నవాబులు, మహారాష్ట్రులు, హైదరు, టిప్పు మున్నగువారి కథలతో ఈ దుర్గము కథ పెనవేసికొనియున్నది. 1791లో కుంఫిణీ, నిజాము సేనలు దీనిని ముట్టడించెను. 1800లో దత్తమండలములతోపాటు ఈ సీమ కుంఫిణీవారి వశమయ్యెను.

ఇట్టి వృత్తాంతములను సామాన్యులకు తెలియునట్లు తెలుగున వ్రాయవలెననియు, శాసనములను, తాళపత్రములను సేకరించి పదిమందికి చూపవలెననియు, ఆ పని సంఘముగా గూడి చేయవలెననియు ఆంధ్రులకు నేర్పినవారిలో అగ్రగణ్యులు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు. వారు మన సీమవారు కారు. అయినను ఒక గ్రంథాలయపు రజతోత్సవమున తప్పక స్మరింపదగినవారు.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరము మే 18వ తేదీన కృష్ణామండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. పసితనముననే తండ్రి గతించెను. కొంతకాలము భువనగిరిలో చదివి, పిదప నాగపురమున అక్కగారైన భండారు అచ్చమాంబగారి యింట నుండి విద్యాభ్యాసము సాగించిరి. ఈ అచ్చమాంబగారే అబలాసచ్చరిత్ర రత్నమాల వ్రాసి, తెలుగు కథాసాహిత్యమునకు బాటవేసిన విదుషీమణి. బడికి పోని ఆమె తమ్ముని ప్రక్కన గూర్చుండి చదువు నేర్చుకొనెను. తమ్ముడు చదివిన చదువు అక్కకును వెలుగైనది. విద్య ఒక్కరి సొత్తు కారాదను నియమము ఆ యింటనే వారి మనస్సున నాటుకొనియుండును.

నాగపురమున వారు మహారాష్ట్ర భాషలో పండితులైరి. మహారాష్ట్ర విద్వాంసులు ఆ కాలమున పల్లెలు తిరిగి, పాత యిండ్ల అటకలపైనున్న కాగితముల కట్టలు విప్పి, తమ దేశచరిత్రను తామే వ్రాసికొనుచుండిరి. లక్ష్మణరావుగారు ఈ కృషిని శ్రద్ధతో గమనించిరి. ఆంధ్రదేశమునను పల్లెపల్లెకు శాసనములున్నవి, కైఫీయతులున్నవి. కొఱతపడినది వానిని చదివి చెప్పు సంఘములే.

పట్టభద్రులైన పిమ్మట వారు మునగాల రాజాగారైన నాయని వేంకట రంగారావుగారి సంస్థానమున దివానుగా పనిచేసిరి. ఉద్యోగము గొప్పదే. కాని వారి మనస్సు పుస్తకములయందుండెను. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. దాని స్థాపనలో లక్ష్మణరావుగారిది ప్రధానహస్తము. తెలుగునకు రాజాశ్రయము లేని ఆ నగరమున అది పుస్తకములు పెట్టుకొను గది మాత్రమే కాదు, తెలుగువారు కూడి ఉపన్యాసములు విను సభాస్థలి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము వెలసెను. ఒక దీపమునుండి మఱియొక దీపము వెలిగినట్లు గ్రంథాలయములు పెరిగినవి.

అయితే గ్రంథాలయమునకు గ్రంథములు కావలయును గదా! కథలు, కావ్యములు తప్ప చరిత్రయు శాస్త్రమును తెలుగున అరుదుగా నున్న దినములవి. ఆ లోటు తీర్చుటకు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపింపబడెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము దాని తొలి ప్రచురణము. 1908లో మండలి చెన్నపట్టణమునకు మారెను. 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము వెలువడెను. పంతులుగారు తామును శివాజీ చరిత్రము, హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము రచించిరి. చందాదారులు ఊరూర పెరిగిరి. ఈనాడు సామాన్య పాఠకుడు చరిత్రగ్రంథమును తెలుగున చదువుటకు ఆ చందాదారులు వేసిన పునాదియే ఆధారము.

తరువాత వారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. సకల విషయములను అకారాది క్రమమున తెలుగున వివరింపవలెనని సంకల్పము. చెన్నపట్టణపు కన్నెమరా గ్రంథాలయము వారికి రెండవ గృహమైనది. అక్కడనే మల్లంపల్లి సోమశేఖరశర్మగారు వారికి చేదోడై చరిత్రపరిశోధనకు అలవడిరి. మూడు సంపుటములు వెలువడినను అకారము దాటలేదు. అనారోగ్యము వారిని పీడించెను. 1923 జులై నెలలో, నలువదియాఱేండ్ల ప్రాయమున, పని నడుమనే వారు కన్నుమూసిరి.

ఒక్కని భుజములపై నున్న పని అయినచో అంతటితో ముగిసియుండును. కాని పంతులుగారు బరువును సంఘములపై నుంచిరి. హైదరాబాదులోని పరిశోధక మండలి వారి పేర లక్ష్మణరాయ పరిశోధక మండలియై, ఆదిరాజు వీరభద్రరావుగారి వంటివారి దీక్షతో గ్రామములు తిరిగి శాసనములను, తాళపత్రములను సేకరించి, 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించెను. విజ్ఞానసర్వస్వమును కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు చేపట్టి మరల ప్రచురింపసాగిరి. సోమశేఖరశర్మగారు రెడ్డిరాజ్యముల చరిత్రను వెలయించిరి. రాజమహేంద్రవరమున 1922లో పుట్టిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలియు ఈ మార్గముననే నడచి తన పత్రికను నడపెను.

గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండుట వేడుకయే. కాని పంతులుగారి జీవితము మనల నొక ప్రశ్న అడుగుచున్నది. వ్రాతలున్న పాత రాయి మెట్టుగానో, చాకిరేవు బండగానో అరిగిపోయినచో దానిపై వ్రాత మరల రాదు. అటకపైని తాళపత్రము చెదలుపట్టినచో దానిని చదువువారుండరు. ఇంటింట నున్న పాత కాగితములను, నాణెములను ఏడాదికొకనాడు గ్రంథాలయమున బల్లపై నుంచి పిల్లలకు చూపుట, తెలిసిన పెద్దలచేత దుర్గము కథ చెప్పించుట మనకు మించిన పనులు కావు. చూపిన వస్తువును ఎవరిది వారికి భద్రముగా అప్పగించి, దాని వివరమును మాత్రము పుస్తకమున వ్రాసికొనిన చాలును.

అకారముతో ఆగిన పనిని ముందునకు నడిపించుటకు పండితులే కానక్కఱలేదు. చదువరులున్న ఊరు చాలును.