న్యాయమూర్తి బ్రాండైస్ జీవితం

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని మన సంఘం కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు అమెరికా న్యాయమూర్తి లూయీ బ్రాండైస్ గుర్తుకు వచ్చారు. అందుకు కారణం లేకపోలేదు. ఒకసారి మా ఊరి మున్సిపల్ ఎన్నికల్లో, ఒక అభ్యర్థి గురించి టీ కొట్టు దగ్గర విన్న మాట నమ్మి నా ఓటు మార్చుకున్నాను. అంతటితో ఊరుకోక ఆ మాట నలుగురికీ చెప్పాను. అది అబద్ధమని పోలింగు అయిపోయిన తర్వాత తెలిసింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

బ్రాండైస్ 1856 నవంబరు 13న కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో జన్మించారు. తల్లిదండ్రులు ప్రాగ్ నుంచి వలస వచ్చిన యూదులు. 1877లో హార్వర్డ్‌లో న్యాయశాస్త్ర పట్టా పొంది, తర్వాత బోస్టన్‌లో ప్రాక్టీసు పెట్టారు. ప్రజలకు సంబంధించిన అనేక వ్యవహారాల్లో ఫీజు తీసుకోకుండా పనిచేశారు.

1903లో బోస్టన్‌లో గుడ్ గవర్నమెంట్ అసోసియేషన్ అనే సంఘం ఏర్పడింది. నగర ఎన్నికల్లో నిలబడిన వారి పూర్వ చరిత్రను, పదవిలో చేసిన పనిని పరిశీలించి ఓటర్లకు అచ్చువేసి అందించడం దాని పని. బ్రాండైస్ అందులో చురుకుగా పాల్గొన్నారు. కార్మికులు కంపెనీలకు కట్టే బీమా ప్రీమియంలో వారికి తిరిగి దక్కేది ఎంత తక్కువో కూడా ఆయన లెక్కలు తీసి చూపారు. దాని ఫలితంగా 1907లో మసాచుసెట్స్ రాష్ట్రం పొదుపు బ్యాంకులే చౌకగా జీవిత బీమా అమ్మేందుకు చట్టం చేసింది.

ఇతరుల వివరాలు బయటపెట్టిన ఆయనకే 1916లో ఆ పరీక్ష ఎదురైంది. జనవరి 28న ప్రెసిడెంటు విల్సన్ ఆయన పేరును సుప్రీం కోర్టుకు ప్రతిపాదించారు. పెద్ద వ్యాపార సంస్థలు, పేరున్న న్యాయవాదులు వ్యతిరేకించారు. ఆయన యూదుడు కావడం కూడా కొందరికి నచ్చలేదు. కక్షిదారులకు ద్రోహం చేశాడనే వరకు నిందలు వచ్చాయి. అప్పుడు సెనేట్ ఉపసంఘం, కోర్టు నామినీ విషయంలో మొట్టమొదటిసారిగా, బహిరంగ విచారణ జరిపింది. సాక్షులను పిలిచి, పాత కేసుల వివరాలు ఒక్కొక్కటిగా పరిశీలించింది. బ్రాండైస్ స్వయంగా హాజరు కాలేదు. కావలసిన వివరాలు మాత్రం బోస్టన్ నుంచి తనవారికి రాసి పంపారు. నాలుగు నెలల తర్వాత, జూన్ 1న, 47–22 ఓట్లతో సెనేట్ ఆమోదించింది. ఆ కోర్టులో మొదటి యూదు న్యాయమూర్తి ఆయనే. 1939లో పదవీ విరమణ చేసి, 1941 అక్టోబరు 5న కన్నుమూశారు.

నింద ఎంత పెద్దదైనా దానిని రికార్డుతో సరిచూడాలన్నది ఆ నాలుగు నెలల నుంచి నేను నేర్చుకున్న పాఠం. మన దేశంలోనూ అందుకు దారులు ఏర్పడ్డాయి. సుప్రీం కోర్టు 2002, 2003 తీర్పుల వల్ల పార్లమెంటు, అసెంబ్లీ అభ్యర్థులు తమ కేసులు, ఆస్తులు, చదువు అఫిడవిట్‌లో చెప్పవలసి వచ్చింది. న్యాయమూర్తుల నియామకంపై కొలీజియం తీర్మానాలను 2017 అక్టోబరు నుంచి సుప్రీం కోర్టు వెబ్‌సైట్‌లో పెట్టడం మొదలైంది.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఫైలు చూడనిదే సంతకం పెట్టని వాళ్లం మనం. ఓటు విషయంలోనూ ఆ అలవాటు మానకుండా ఉంటే మేలని నా మనవి.