ఎల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. చిన్నతనంలో ఆయనకు చదువుపై శ్రద్ధ తక్కువ. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరితే తల్లి వెనక్కు రప్పించింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలులో చదివి గట్టెక్కారు.

మద్రాసు వైద్య కళాశాలలో చేరినప్పుడు ఖద్దరు ధరించి ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. రావలసినచోట ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో మరణించారు. ఈ వ్యాధి సోకితే తిన్నది ఒంటబట్టదు, రక్తం క్షీణిస్తుంది. ఆ జబ్బు ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించి, అమెరికా వెళ్లారు. అక్కడ ఆసుపత్రిలో రాత్రిళ్లు మలమూత్రపాత్రలు శుభ్రం చేస్తూ హార్వర్డులో చదువుకున్నారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు.

మన రక్తకణాలు ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. మూలుగలోని కణాలు విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అది చాలకపోతే కణాలు పక్వం కాకుండా ఉబ్బిపోతాయి, రక్తహీనత వస్తుంది. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి ఈ పదార్థాన్ని కొద్దిపాటిగా వేరుచేశారు. ఆకు నుండి వచ్చినందువల్లనే దానికి ఆ పేరు. బేరిగై, హోసూరు పొలాల్లో పెరిగే ఆకుకూరల్లోనూ అది ఉంటుంది. కానీ టన్నుల ఆకు నలిపి రోగులందరికీ మందు ఇవ్వడం సాధ్యమా? 1945లో సుబ్బారావు బృందం దానిని ప్రయోగశాలలోనే తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు మందు దొరికింది.

కథ అక్కడితో ఆగలేదు. రక్తకేన్సరులో మూలుగలో తెల్లకణాలు అదుపులేకుండా పెరుగుతాయి. ఫోలిక్ ఆమ్లం ఇస్తే వ్యాధి మరింత ఉధృతమైనట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. అయితే ఆ ఆమ్లాన్ని అడ్డుకుంటే? సుబ్బారావు బృందం దానిని పోలిన అమినోప్టెరిన్ అనే పదార్థాన్ని తయారుచేసి ఇచ్చింది. కణం దానిని ఫోలిక్ ఆమ్లమని భ్రమపడి గ్రహిస్తుంది, విభజన నిలిచిపోతుంది. ఫార్బర్ దానిని 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఆ మేలు తాత్కాలికమే అయినా, అంతకుముందు ఆ మాత్రం ఆశ కూడా లేదు.

ఈ ఫలితాలు 1948 జూన్‌లో వెలువడ్డాయి. ఆగస్టులో సుబ్బారావు న్యూయార్కులో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. అమినోప్టెరిన్‌కు సోదరి వంటి మెథోట్రెక్సేట్‌ను రక్తకేన్సరు వచ్చిన పిల్లలకు వైద్యులు నేటికీ ఇస్తున్నారు.