అంగారకుడిని చేరని తోడేలు బోను

1973 డిసెంబరు 10. అంటార్కిటికాలోని అస్గార్డ్ పర్వతశ్రేణి. మౌంట్ బాల్డర్ ప్రాంతంలో అంతకుముందు అమర్చిన పరికరాలను తెచ్చుకోవడానికి ఒక శాస్త్రవేత్త ఒంటరిగా బయలుదేరారు. తిరిగి రాలేదు. మంచు వాలు మీద జారిపడి మరణించిన ఆయనే అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త వుల్ఫ్ విష్నియాక్. వయసు 51.

1922లో బెర్లిన్‌లో పుట్టిన ఆయన ప్రసిద్ధ ఫొటోగ్రాఫర్ రోమన్ విష్నియాక్ కుమారుడు. నాజీల పీడన నుంచి తప్పించుకుని ఆ యూదు కుటుంబం అమెరికా చేరింది. అంగారకుడిపై సూక్ష్మజీవులను పసిగట్టే పరికరం తయారీకి 1959లో నాసా ఆయనకు నిధులిచ్చింది. మట్టిని పోషక ద్రావణంలో కలిపితే, జీవులుంటే అవి పెరిగి ద్రావణం మసకబారుతుంది. దాని ఆమ్లత కూడా మారుతుంది. వుల్ఫ్ అంటే తోడేలు కాబట్టి తోటివారు దానికి సరదాగా 'వుల్ఫ్ ట్రాప్' అని పేరు పెట్టారు.

వైకింగ్ యాత్రకు ఎంపికైన ఈ పరికరాన్ని 1972లో ఖర్చు తగ్గించుకోవడానికి నాసా తొలగించింది. పన్నెండేళ్ల శ్రమ పక్కకు పోయింది. కానీ విష్నియాక్ ఆ ప్రశ్నను వదల్లేదు.

భూమి మీద అంగారకుడికి బాగా దగ్గరగా ఉండే చోటు అంటార్కిటికాలోని మెక్‌మర్డో డ్రై వ్యాలీస్. కొండలు హిమప్రవాహాన్ని అడ్డుకోవడం, పొడిగాలులు మంచును ఆవిరి చేయడం వల్ల అక్కడ నేల బయటికి కనిపిస్తుంది. ఆ మట్టి కొన్నిచోట్ల పూర్తిగా నిర్జీవమని నార్మన్ హోరోవిట్జ్ బృందం వాదించింది. భూమి మీది జీవులే అక్కడ బతకలేకపోతే అంగారకుడిపై ఆశ ఎక్కడిది? ప్రయోగశాలలో పెరగనంత మాత్రాన జీవం లేదనలేమన్నది విష్నియాక్ పక్షం. అందుకే గాజు పలకలను అక్కడి మట్టిలోనే ఉంచి, వాటిపై సూక్ష్మజీవులు పెరుగుతున్నాయని చూపారు.

తుది సమాధానం ఆయన మరణించాకే వచ్చింది. ఆయన సేకరించిన రాళ్లను భార్య హెలెన్, ఇమ్రే ఫ్రీడ్‌మన్‌కు పంపారు. ఇసుకరాయి పైపొర కింద, కొద్ది మిల్లీమీటర్ల లోతున, సూక్ష్మజీవులు బతుకుతున్నాయని ఫ్రీడ్‌మన్ దంపతులు 1976లో ప్రకటించారు. ఆయన తెచ్చిన మట్టిలో హెలెన్ కొత్త ఈస్ట్ జాతిని గుర్తించారు.

అదే ఏడాది వైకింగ్ నౌకలు వుల్ఫ్ ట్రాప్ లేకుండానే అంగారకుడిపై దిగాయి. వాటి ఫలితాలపై వాదం నేటికీ నడుస్తోంది. ఆ గ్రహంపై ఒక బిలానికి ఇప్పుడు విష్నియాక్ పేరుంది.