బండి ఇప్పి చూసిన నాయుడు

బెజవాడ ఆటోనగర్ షెడ్డులో కాసేపు కూచోండి తమ్ముళ్ళూ. ఫోన్లో కొత్త స్పోర్ట్స్ కారు వీడియో వస్తే కుర్రోళ్ళ కళ్ళు మెరుస్తాయి. ఆ వెంటనే సణుగుడు మొదలు. క్లచ్ లేదు, గేర్ రాడ్ లేదు, కొన్నిట్లో ఇంజను మోత కూడా స్పీకర్లోంచే వచ్చిద్ది. పోర్షే 911కి కూడా 2024లో హైబ్రిడ్ మోటారు తగిలించారు. స్పీడు నచ్చుద్ది, మూత తీస్తే మాత్రం చెయ్యి పెట్టే చోటుండదు. ఈ యవ్వారం చూసినప్పుడల్లా నాకు జి.డి.నాయుడు గుర్తొస్తాడు.

ఆయన 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ పల్లెలో, తెలుగు రైతుల ఇంట పుట్టాడు. బడి ఒంటబట్టలేదు. ఓ తెల్లదొర వేసుకొచ్చిన రడ్జ్ మోటారు సైకిలు చూశాక మనసు దాని మీదే ఉండిపోయింది. టౌనుకొచ్చి హోటల్లో సర్వరుగా చేరి, పైసా పైసా కూడబెట్టి ఆ బండి కొన్నాడు. కొన్నాక ముక్కముక్కా ఇప్పేశాడు, మళ్ళీ బిగించాడు. ఆయన చదివిన ఇంజనీరింగు అదే.

1920లో రాబర్ట్ స్టేన్స్ అనే వ్యాపారి సాయంతో ఒక బస్సు కొని, పొల్లాచ్చి నించి పళనికి తనే తోలాడు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద కంపెనీ అయింది. 1937లో బాలసుందరం నాయుడితో కలిసి మన దేశంలోనే కరెంటు మోటారు తయారు చేశాడు. బ్యాటరీతో నడిచే షేవింగు రేజరు చేశాడు. చేతిపని నేర్పడానికి 1945లో పాలిటెక్నిక్ పెట్టించాడు. 1952లో రెండు సీట్ల కారు చేసి, 2000 రూపాయలకే ఇస్తానన్నాడు. సర్కారు లైసెన్సు ఇవ్వలా. ఆ కారు రోడ్డెక్కలా. 1974లో ఆయన పోయాడు.

ఈయనకి కొత్త టెక్నాలజీ అంటే భయం లేదు, పిచ్చి. విదేశాలు తిరిగి మరీ కొత్త మిషన్లు చూసొచ్చాడు. ఇవాళ ఉంటే సెన్సార్ల కారుని కూడా ఇష్టంగానే తోలేవాడేమో. జారే రోడ్డు మీద బ్రేకు పట్టేసి బండి అడ్డం తిరక్కుండా చూసేది ఆ సెన్సార్లే కదా, కాదనలేం. కాకపోతే ఆయన పానా పట్టుకుని దిగితే, కంపెనీ లాప్‌టాప్ లేందే బండి నోరిప్పదు. అసలు గొడవ అక్కడుంది.

స్పోర్ట్స్ కారు ఉన్నోళ్ళ సరదాలే అనుకోమాకండి. ఆ తాళమే ఇప్పుడు మన ట్రాక్టరుకీ, కోతమిషనుకీ పడుతోంది. కృత్తికలో మబ్బు పట్టి, పండిన చేను నిలబడి ఉంటే, మిషను స్క్రీను మీద ఎర్రలైటు వెలుగుద్ది. పక్కూరి మెకానిక్ చేతులు కట్టుకు నిలబడతాడు. కంపెనీ మనిషి వచ్చేలోగా వాన వచ్చిద్ది.

2022లో కేంద్రం రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది. కార్లూ, వ్యవసాయ యంత్రాలూ అందులో ఉన్నాయి. పోర్టల్ ఒక్కటే చాలదు, చట్టం కావాలి. మీ ఐటీఐలో స్కానర్ పట్టడం నేర్పమని అడగండి. బండి కొనేటప్పుడు మైలేజీతో పాటు, దీన్ని మా ఊళ్ళో ఎవడు ఇప్పగలడని కూడా అడగండి. నాయుడికి దొరికింది ఒక పాత బండీ, దాన్ని ఇప్పుకునే వీలూ. మన పిల్లలకి ఆ రెండోది దక్కాల.