తారీఖుల లెక్క తేల్చిన అల్ బీరూనీ

2025 రంజాన్ మాసంలో మా వీధి చాచా ఒకాయన పాత కాగితం పట్టుకొని మా ఇంటికొచ్చారు. ఆయన పుట్టిన తేదీని వాళ్ల నాన్నగారు ఉర్దూలో రాసిపెట్టిన కాగితం అది: హిజ్రీ 1386, రంజాన్ 7, బుధవారం. 60 నిండాయి గనుక పింఛనుకు అర్జీ పెట్టుకుంటానన్నారు. హిజ్రీ సంవత్సరానికి 354 రోజులే, ఒక్కోసారి 355. ఇంగ్లీషు లెక్కలో ఆయనకు 58 దాటి మూడు నెలలు కూడా కాలేదని చెప్పాల్సి వచ్చింది. పాపం, ఆయన మొహం చిన్నబోయింది. పైగా ఫోనులో రెండు చోట్ల వేసి చూస్తే ఒకటి 1966 డిసెంబరు 19 అంది, ఇంకొకటి 20 అంది. రెండూ బుధవారం కావు!

ఇలాంటి చిక్కుల మీదే వెయ్యేళ్ల క్రితం ఒక మహనీయుడు జీవితమంతా పనిచేశారు. ఆయన అబూ రైహాన్ అల్ బీరూనీ.

క్రీ.శ. 973 సెప్టెంబరులో ఖ్వారిజం దేశపు కాత్ నగరంలో పుట్టారు. ఆ ఊరు నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది, ఆయన పేరుతోనే బెరూనీ అని పిలుస్తున్నారు. ఆ రాజవంశీయుడైన అబూ నస్ర్ మన్సూర్ ఆయనకు ఉస్తాద్. 995లో రాజ్యం తారుమారైతే ఊరు విడిచి తలదాచుకోవలసి వచ్చింది. జుర్జాన్‌లో అమీర్ ఖాబూస్ ఆశ్రయంలో ఉండగా, క్రీ.శ. 1000 ప్రాంతంలో, ఆసారుల్ బాఖియా అనే గ్రంథం రాశారు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. పారసీకులు, యూదులు, క్రైస్తవులు, అరబ్బులు, సోగ్దులు ఎవరెవరు సంవత్సరం ఎప్పుడు మొదలుపెడతారు, అధిక దినాలు ఎక్కడ కలుపుతారు, ఒకరి తేదీని మరొకరి తేదీలోకి ఎలా మార్చాలి అన్నదే అందులోని విషయం.

1017లో గజనీ మహమూద్ ఖ్వారిజంను జయించి బీరూనీని తన రాజధానికి తరలించాడు. ఆ బలవంతపు ప్రయాణం వల్లే ఆయనకు హిందూదేశం పరిచయమైంది. దక్షిణాదికి రాలేదు గానీ, పంజాబు ప్రాంతంలో తిరిగి, పండితుల దగ్గర సంస్కృతం నేర్చుకొని, 1030లో కితాబుల్ హింద్ పూర్తిచేశారు.

అందులో అహర్గణం గురించిన అధ్యాయం మన పిల్లలకు చెప్పదగ్గది. అహర్గణం అంటే ఒక మొదటి రోజు నుంచి గడిచిన రోజుల మొత్తం. సంవత్సరాలను 12తో గుణించి నెలలు చేయాలి. నడుమ వచ్చిన అధిక మాసాలు కలపాలి. 30తో గుణిస్తే తిథులొస్తాయి. వాటిలోంచి క్షయ తిథులు తీసేస్తే అసలు రోజులు మిగులుతాయి. వెనక్కి నడిపితే రోజుల్లోంచి మళ్లీ తేదీ వస్తుంది. నేడు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లు చేసేదీ ఇదే కదా! నెలల నిడివి ఒకేలా ఉండదు గనుక ఒక మొదటి రోజు పెట్టుకొని అక్కడినుంచి లెక్కిస్తారు. యూనిక్స్ పద్ధతిలో ఆ రోజు 1970 జనవరి 1. బాగ్దాదు పండితుడు యాఖూబ్ ఇబ్న్ తారిఖ్ అంతకుముందే అహర్గణం గురించి రాస్తూ అధిక మాసాల దగ్గర పొరబడితే, ఆ తప్పు ఎక్కడ దొర్లిందో బీరూనీ విప్పి చూపించారు.

లెక్క సరిచూడడానికి ఆయన యజ్దగిర్ద్ శకంలో 400 అనే గుండు సంఖ్య గల సంవత్సరాన్ని కొలబద్దగా తీసుకున్నారు. దాని పక్కన శక సంవత్సరం 953 వచ్చింది. దాని మొదటి రోజు గురువారం, హిజ్రీ 422 సఫర్ 28. మనకిది క్రీ.శ. 1031 ఫిబ్రవరి 25. మన శ్రీకాళహస్తి గుడిలోని శక సంవత్సరాల శాసనాలకు 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందంటారు. జనవరికీ ఉగాదికీ నడుమ పడ్డ తేదీలకు మాత్రం 79 కలపాలి.

గురువారం అని వారం కూడా చెప్పారు చూడండి, నాకు దారి చూపింది అదే. హిజ్రీ శకారంభాన్ని కొన్ని పట్టికలు 622 జూలై 15 గురువారం నుంచి, కొన్ని 16 శుక్రవారం నుంచి లెక్కిస్తాయి. ఫోనులో ఒక రోజు తేడా అందుకే. ఇక పట్టిక నెల వేరు, చాంద్ చూసి మొదలుపెట్టే నెల వేరు అని బీరూనీ ఎప్పుడో వివరించారు. డిసెంబరులో మన ప్రాంతంలో మబ్బులు మామూలే. ఆ ఏడు ఇక్కడ నెలవంక ఒక రోజు ఆలస్యంగా కనిపించి ఉంటుంది. చాచా పుట్టింది 1966 డిసెంబరు 21, బుధవారం. పింఛనుకు 2026 డిసెంబరు దాకా ఆగాలి, తప్పదు.

బీరూనీ గజనీలోనే కన్నుమూశారు. మరణశయ్య మీద ఉండి కూడా, పలకరించడానికొచ్చిన మిత్రుణ్ణి వారసత్వపు లెక్క ఒకటి అడిగి తెలుసుకున్నారని ఒక కథ ఉంది. చాలా పుస్తకాల్లో మరణ సంవత్సరం 1048 అని ఉంటుంది. అయితే మందుల మీద రాసిన తన చివరి గ్రంథం కితాబుస్ సైదనాలో 80 చాంద్రమాన సంవత్సరాలు దాటాయని ఆయనే తెలిపారు. 1048 నాటికి ఆ లెక్కలో ఆయనకు సుమారు 77. అందుకని 1050 తర్వాత కూడా జీవించే ఉన్నారని నేటి పండితులు అంటున్నారు.