చెంచుల విల్లు – హైమన్‌డార్ఫ్ జీవితం

తెలుగు సాహిత్యంలో వేటకు విశిష్టమైన స్థానం ఉంది. అల్లసాని పెద్దన మనుచరిత్రలో స్వరోచి మృగయా వినోదాన్ని కన్నులకు కట్టినట్లు వర్ణించాడు. ధూర్జటి కావ్యంలో తిన్నడు తాను వేటాడి తెచ్చిన మాంసాన్నే కాళహస్తీశ్వరునికి నివేదించి భక్తులలో అగ్రగణ్యుడయ్యాడు. భారతంలోని కిరాతార్జునీయ ఘట్టంలో అర్జునుని బాణమూ, కిరాత వేషంలో ఉన్న శివుని బాణమూ ఒకే వరాహానికి తగిలాయి. ఆ వేట ఎవరిదన్న వివాదం చివరకు ద్వంద్వ యుద్ధానికి దారి తీసింది. పురాణంలో ఆ వివాదం పాశుపతాస్త్ర ప్రదానంతో ముగిసింది. చరిత్రలో మాత్రం అది అంత సులభంగా ముగియలేదు. అడవిలోని మృగం పాలకునిదా, లేక ఆ అడవిలో పుట్టి పెరిగిన వానిదా అన్న ప్రశ్న ఇరవయ్యో శతాబ్దంలో మన నల్లమల అడవులలో మళ్ళీ తలెత్తింది. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడానికి చెంచుపెంటలలో కాలుమోపిన విదేశీయుడు ఆచార్య క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆయన జీవితమే ఈ పాఠ్యాంశం.

హైమన్‌డార్ఫ్ 1909 జూన్ 22న ఆస్ట్రియా దేశ రాజధాని వియన్నా నగరంలో ఒక కులీన కుటుంబంలో జన్మించారు. బాల్యం నుండి భారతదేశం పట్ల ఆయనకు ఆసక్తి మెండు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం అభ్యసించి, అస్సాం, బర్మా సరిహద్దు కొండజాతుల సామాజిక వ్యవస్థపై పరిశోధన చేసి, 1931లో డాక్టరేటు పొందారు. అంతవరకు ఆ జాతులను ఆయన గ్రంథాలలో మాత్రమే చూశారు. తర్వాత లండన్ చేరి, మానవశాస్త్రంలో నూతన శకానికి నాంది పలికిన మలినోవ్‌స్కీ వద్ద శిక్షణ పొందారు. ఒక జాతిని గురించి తెలుసుకోవాలంటే వారి నడుమ నివసించి, వారి భాష నేర్చి, వారి నిత్యజీవితాన్ని స్వయంగా పరిశీలించాలన్నది మలినోవ్‌స్కీ బోధించిన మార్గం. హైమన్‌డార్ఫ్ ఆ మార్గాన్ని జీవితాంతం విడువలేదు. 1936లో భారతదేశానికి వచ్చి, కోన్యాక్ నాగాల గ్రామాలలో సుమారు సంవత్సర కాలం గడిపి, ఆ అనుభవాలను 1939లో గ్రంథంగా ప్రకటించారు.

1938లో ఆయనకు బెట్టీ బెర్నార్డోతో వివాహం జరిగింది. బెట్టీ ఆయనకు సహధర్మచారిణి మాత్రమే కాదు, సహపరిశోధకురాలు కూడా. అడవులలో, కొండలలో, గుడారాలలో ఆమె భర్తతో సమానంగా కష్టసుఖాలను పంచుకొన్నారు. 1939లో దంపతులు మరల భారతదేశానికి వచ్చిన కొద్దికాలానికే రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. అంతకు ముందు సంవత్సరమే ఆస్ట్రియా జర్మనీలో విలీనమైనందువల్ల హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. ఆ కారణంగా బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో ఆయన శత్రుదేశీయుడు. ఆయనను నిర్బంధంలోకి తీసుకొన్న అధికారులు, పిమ్మట హైదరాబాదు సంస్థానం ఎల్లలు దాటరాదన్న నియమంతో విడిచిపెట్టారు. విధి వైపరీత్యంగా తోచిన ఈ సంఘటన తెలుగునేలకు వరమైంది. నాగా కొండలకు పోలేని ఆ పరిశోధకుడు సంస్థానంలోని ఆదివాసుల వైపు దృష్టి సారించారు. ఆయన మొదట వెళ్ళినది కృష్ణానదికి ఉత్తరాన ఉన్న అమ్రాబాద్ పీఠభూమికి, అక్కడి చెంచుల వద్దకు.

చెంచుల మాతృభాష తెలుగు. అహోబల నరసింహుడు వలచిన చెంచులక్ష్మి కథ ద్వారా వారు మనకు చిరపరిచితులు. అయినా వారి నిజజీవితం గురించి నాటి నాగరికులకు తెలిసినది అత్యల్పం. 1940లో హైమన్‌డార్ఫ్ దంపతులు పెంట నుండి పెంటకు తిరిగి, గడ్డి కప్పిన గుండ్రని గుడిసెల ముంగిట కూర్చుండి, ఆ జీవితాన్ని అక్షరబద్ధం చేశారు. చెంచు కుటుంబపు ఆస్తి అంతా ఒక మనిషి మోయగలిగినంత మాత్రమే. దుంపలు త్రవ్వుకొనే ఇనుప మొన గల కర్ర, ఒక గొడ్డలి, ఒక కత్తి, కొన్ని కుండలు, బుట్టలు, వీటితో పాటు విల్లు, బాణాలు. విల్లును చెంచు తన చేతితో తానే చేసుకొంటాడు. బాణపు ములికికి కావలసిన ఇనుము మాత్రం అడవిలో దొరకదు. తేనె, మైనం వంటి అటవీ వస్తువులను మైదాన గ్రామాల వారికి ఇచ్చి, మారుగా ఇనుప సామగ్రిని తెచ్చుకొంటాడు. ఆ విధంగా చెంచు బాణంలో అడవీ ఉంది, ఊరూ ఉంది.

లోకంలో చెంచులకు వేటగాళ్ళని పేరు. కానీ హైమన్‌డార్ఫ్ పరిశీలన ఈ అభిప్రాయాన్ని కొంత సవరించింది. చెంచుల నిత్యాహారం వేట మాంసం కాదు. స్త్రీలూ పురుషులూ దినమంతా తిరిగి సేకరించే దుంపలు, పండ్లు, ఇప్పపూలు వారి ప్రాణాధారాలు. వేట ఎప్పుడో ఫలిస్తుంది, అనేక పర్యాయాలు విఫలమవుతుంది. విల్లుతో మృగాన్ని కొట్టాలంటే గాలివాటు గమనించి, అడుగుల చప్పుడు కాకుండా, బాణం అందే దూరానికి చేరుకోవాలి. దూరం నుండి పేలే తుపాకికి ఉన్న సౌలభ్యం వింటికి లేదు. అందువల్ల విలుకాని వేటకు ఆ ఆయుధమే ఒక హద్దు.

ఇది గాక వారికి తమవైన వేట కట్టుబాట్లు ఉన్నాయని ఆయన గుర్తించారు. ఒక్కొక్క సమూహానికి అడవిలో ఇంత మేర తమదన్న హద్దు ఉండేది. ఎవరు త్రవ్విన దుంప వారి కుటుంబానిది. పెద్ద మృగం పడినప్పుడు మాత్రం మాంసం పెంటలోని వారందరికీ చెందుతుంది. అడవికీ, మృగాలకూ అధిదేవత గారెల మైసమ్మ. వేట ఫలించినప్పుడు ఆ తల్లికి మాంసఖండం అర్పించిన తర్వాతే మిగిలినవారు భుజిస్తారు. పూర్వం ఆడ మృగాలను చంపేవారు కాదనీ, చంపితే మైసమ్మ ఆగ్రహిస్తుందనీ వృద్ధులు చెప్పగా ఆయన నమోదు చేశారు. సంతానాన్ని కనే ప్రాణిని కాపాడితే రేపటి వేట నిలుస్తుందన్న వివేకం ఈ విశ్వాసంలో దాగి ఉంది. ప్రభుత్వాలు కాగితంపై శాసనాలు వ్రాయక పూర్వమే అడవి తన శాసనాన్ని తాను ఏర్పరచుకొన్నదని చెప్పవచ్చు.

అయితే కాగితంపై వ్రాసిన శాసనం ఈ కట్టుబాట్లను లెక్కచేయలేదు. బ్రిటిష్ పాలనలోని మద్రాసు రాష్ట్రంలో 1882లో వచ్చిన అటవీ చట్టం రిజర్వు అడవులలో చెట్టు నరకడాన్నే కాక వేటను, ఉచ్చులు పన్నడాన్ని కూడా ప్రభుత్వ నియమాలకు లోబరచింది. హైదరాబాదు సంస్థానంలోనూ అడవులు క్రమంగా ప్రభుత్వ ఆస్తులుగా మారాయి. ఒకవైపు అదే అడవులలో పాలకులకు, వారి అతిథులకు తుపాకులతో వేట వినోదంగా సాగింది. మరొకవైపు పొట్టకూటికై విల్లు ఎత్తిన చెంచు నేరస్థుడయ్యాడు. తాతముత్తాతల నాటి నుండి తనదనుకొన్న అడవిలో అతడు అనుమతి అడగవలసిన స్థితి ఏర్పడింది. కంట్రాక్టర్లు, చిరుద్యోగులు ఆ నిస్సహాయతను తమకు లాభంగా మలచుకొన్నారు. ఈ పరిస్థితిని హైమన్‌డార్ఫ్ పరిశోధకునిగా వర్ణించి ఊరుకోలేదు. అమ్రాబాద్ పీఠభూమిలో చెంచులకై ప్రత్యేక రక్షిత ప్రాంతం ఉండాలని ప్రభుత్వానికి సిఫారసు చేశారు. నిజాం ప్రభుత్వం ఆ సిఫారసును మన్నించి అట్టి ప్రాంతాన్ని ఏర్పాటు చేసింది. చెంచులపై ఆయన రచించిన బృహద్గ్రంథం 1943లో వెలువడింది.

చెంచుల తర్వాత ఆయన గోదావరి తీరంలోని పాపికొండల కొండరెడ్లను, ఆదిలాబాదు గోండులను అధ్యయనం చేశారు. 1940లో ఆదిలాబాదు అడవులలో కొమురం భీం నాయకత్వాన గోండులు తిరుగుబాటు చేయగా, ప్రభుత్వం దానిని ఆయుధబలంతో అణచివేసింది. భీం వీరమరణం పొందాడు. ఆ తిరుగుబాటుకు మూలకారణాలేమిటో తెలుసుకోదలచి ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను నియోగించింది. ఆయన మార్లవాయి గ్రామంలో గుడిసె వేసుకొని, గోండీ భాష నేర్చి, వారిలో ఒకరుగా జీవించారు. రిజర్వు అడవుల పేరిట గ్రామాలను ఖాళీ చేయించడం, సాగుభూములు పరుల పాలు కావడం అశాంతికి హేతువులని ఆయన నిర్ధారించారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ఆరంభమైంది. గోండీ భాషలో వాచకాలు తయారయ్యాయి. గిరిజనులకు పట్టాలు ఇచ్చే కార్యక్రమం సాగింది. 1945లో ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ఆచార్యులుగాను, గిరిజన వ్యవహారాలలో ప్రభుత్వ సలహాదారుగాను నియమితులయ్యారు. గిరిజనుల భూములకు రక్షణ కల్పించే శాసనం సంస్థానంలో రూపొందడానికి ఆయన నివేదికలే ఆధారాలయ్యాయి.

1949లో హైమన్‌డార్ఫ్ లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో చేరి, 1951లో ఆచార్య పదవిని అలంకరించి, 1976లో విశ్రాంతి తీసుకొనేవరకు అక్కడనే బోధించారు. నేపాల్‌లోని షెర్పాలపై ఆయన చేసిన కృషి ప్రపంచ ప్రఖ్యాతి పొందింది. అయినా ఆయన మనస్సు తెలుగునేల అడవులను మరువలేదు. విశ్రాంత జీవితంలో మరల మరల వచ్చి, నలభై సంవత్సరాల క్రితం తాను చూసిన గ్రామాలను తిరిగి చూశారు. నాడు ఇప్పించిన భూములు అనేక చోట్ల మళ్ళీ అన్యాక్రాంతమైన దృశ్యం ఆయనను కలచివేసింది. గిరిజనుల అస్తిత్వ పోరాటాన్ని వివరించే గ్రంథాన్ని ఆయన 1982లో ప్రకటించారు.

ఈలోగా నల్లమలలోనూ పరిస్థితులు మారాయి. విచక్షణలేని తుపాకి వేట వల్లనూ, అడవుల క్షయం వల్లనూ దేశమంతటా పులుల సంఖ్య క్షీణించగా 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991లో చేసిన సవరణతో వేట దాదాపు సంపూర్ణంగా నిషిద్ధమైంది. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది. 1983లో అది పులుల సంరక్షణ కేంద్రమైంది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల సంరక్షణ కేంద్రంగా వేరుపడింది. ఒకనాడు చెంచుల రక్షణకై నిర్దేశించిన పీఠభూమి పులుల రక్షణ సీమలో భాగమయింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆదివాసులకు నివాసం, సాగు, చిన్నతరహా అటవీ ఫలసాయం వంటి హక్కులను గుర్తించింది. కానీ సంప్రదాయ హక్కులలో నుండి వేటను స్పష్టంగా మినహాయించింది. వేట హక్కు దేశంలో నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగలకు మాత్రమే వన్యప్రాణి చట్టంలో మిగిలింది.

ఈ విషయంలో న్యాయం ఏ ఒక్క పక్షానో పూర్తిగా ఉన్నదని చెప్పలేము. పులి అంతరిస్తే అడవి నిలువదు. మృగాలు తరిగిపోయిన అడవిలో పాత వేటను యథాతథంగా కొనసాగించడమూ సాధ్యం కాదు. కానీ పులిని అంతరింపజేసినవాడు వెదురు విల్లు పట్టిన చెంచు కాదన్నది కూడా సత్యమే. చేయని తప్పుకు అతడు వేటను కోల్పోయాడు. వేటతో పాటు అతడు నివాసాన్ని కూడా కోల్పోవలెనా అన్నది నేటికీ తేలని ప్రశ్న. ఇప్పుడు చెంచు యువకులు అనేకులు పులుల అడుగుజాడలు గుర్తించే కాపలాదారులుగా అటవీశాఖలో పని చేస్తున్నారు. మృగం జాడ పట్టడంలో పూర్వులు వారికిచ్చిన విద్య ఈనాడు మృగరక్షణకు సాధనమయింది. చట్టమూ, చెంచూ పరస్పరం శత్రువులు కానవసరం లేదనడానికి ఇదొక నిదర్శనం.

హైమన్‌డార్ఫ్ కృషికి ఉన్న పరిమితిని కూడా విద్యార్థులు గమనించాలి. ఆయన కోరిన రక్షణలు పాలకుల అనుగ్రహంగా లభించాయి. అనుగ్రహం కాలంతో మారుతుంది. హక్కుగా లభించినదే, ఆ హక్కును అడగగల విద్య ప్రజలకు అబ్బినప్పుడే, చిరకాలం నిలుస్తుంది. బహుశా ఈ ఎరుకతోనే ఆయన భూమితో పాటు బడికి కూడా అంత ప్రాధాన్యమిచ్చి ఉంటారు.

1987 జనవరిలో బెట్టీ హైదరాబాదులో కన్నుమూయగా, ఆమె భౌతికకాయాన్ని మార్లవాయిలో సమాధి చేశారు. 1995 జూన్ 11న హైమన్‌డార్ఫ్ లండన్‌లో పరమపదించారు. అనంతర కాలంలో ఆయన అస్థికలను కూడా మార్లవాయికి తెచ్చి, భార్య సమాధి చెంతనే ఉంచారు. ఏటేటా గోండులు ఆ సమాధుల వద్ద చేరి, తమ ఆప్తులకు నివాళులర్పిస్తున్నారు. వియన్నాలో పుట్టి, శత్రుదేశీయుడన్న ముద్రతో మన సీమలో ఆగిపోయిన ఆ వ్యక్తి చివరకు ఈ మట్టిలోనే శాశ్వత విశ్రాంతి పొందారు. అడవిబిడ్డలను పాఠం చెప్పవలసిన అజ్ఞానులుగా గాక, పాఠం నేర్చుకోదగిన గురువులుగా చూడటమే ఆయన జీవితం మనకిచ్చిన సందేశం.