కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు

ఖమ్మము, భద్రాచలముల నడుమ అడవి యంచునున్న మన పల్లెలలోను అమృతాంజనమును ఎఱుఁగనివారు అరుదు. దానిని వెలయించిన నాగేశ్వరరావు పంతులుగారు 1867లో కృష్ణా జిల్లా ఎలకుఱ్ఱున జన్మించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులైరి.

పిమ్మట కలకత్తాలో మందుల వ్యాపారమున పనిచేసి, బొంబాయిలో నొక కార్యాలయమున ఉద్యోగులైరి. ఉద్యోగికి నెల తిరుగఁగానే జీతము చేతికి వచ్చును. వ్యాపారికి ముందు ఖర్చు, పిదప రాబడి. ఇది యెఱిఁగియు వారు 1893లో అమృతాంజనమును ప్రారంభించిరి. పేరు వినని మందును ఎవరు కొందురు? అందుచే సంగీత సభలలో దానిని ఉచితముగా పంచిరి. అమ్మవలసిన సరకును పంచుట చేతిసొమ్మును వదలుకొనుటయే; కాని వాడి చూచినవారే పిదప కొనువారైరి.

లాభమును వారు దాఁచుకొనలేదు. 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించి, 1914లో మద్రాసున దినపత్రికగా నడపిరి. 1924లో భారతిని, 1926లో ఆంధ్ర గ్రంథమాలను నెలకొల్పిరి. వీనికెల్ల అమృతాంజనపు ఆదాయమే అండ. ఉప్పు సత్యాగ్రహమున చెఱసాలకును వెళ్లిరి. 1938లో దివంగతులైరి.

స్వంత వ్యాపారము కోరు విద్యార్థులు రెండు సంగతులు తలఁపవలెనని మేమెంచుచున్నాము: నెల జీతము లేక ఎన్నాళ్లు నిలువఁగలము? వచ్చిన లాభము ఎవరికి? మొదటిదానిని తల్లిదండ్రులతో కూర్చుండి లెక్క వేసికొనవలెను. రెండవదానికి పంతులుగారి జీవితమే జవాబు.